గాలిలో నూనె

గనుల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా సరే, తాము ఎంత లోతుకి దిగామో చెప్పుకుని మీసం దువ్వుకుంటారు. సుందర్‌రాజ్‌కి ఆ భాగ్యం లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అతను షాఫ్ట్‌లోకి దిగింది లేదు. పైనే, కంప్రెసర్ హౌస్‌లో ఫిట్టరు. కింద రాయిని తొలిచే మిషన్లు నడవాలంటే గాలిని ఒత్తి పైపుల్లో పంపాలి. ఆ గాలిని ఒత్తే ఏనుగులంతటి యంత్రాలకి మావటివాడు అతను. "మేం దిగితే కదప్పా నువ్వు తినేది" అని కిందికి పోయేవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. "నేను పంపితే కదప్పా నువ్వు ఊపిరి పీల్చేది" అని ఇతని జవాబు. ఆ జవాబు మీద ఎంత మోజంటే, గని మూతపడి ఏళ్ళు గడిచినా అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు.

అతనికి పని నేర్పింది ఆంజినప్ప మేస్త్రి. షిఫ్ట్ ఎక్కగానే ఆంజినప్ప చేయించే మొదటి పని ఒకటుంది. బయటికి పోయే గాలి పైపుకి ఒక చిన్న కుళాయి ఉంటుంది. దాన్ని తిప్పి, దాని ముందు తెల్లగుడ్డ పట్టాలి. గుడ్డ తెల్లగా ఉంటే సరే. నూనె మరక కనిపించిందా, ఎవరు ఎంత గొంతు చించుకున్నా యంత్రం ఆపెయ్యాలి. ఎందుకంటే వేడెక్కిన గాలిలో నూనె కలిస్తే పైపు లోపలే నిప్పంటుకుంటుంది. ఆ పొగ పైకి రాదు, గాలితోపాటు కిందికే పోతుంది, కింద పనిచేసేవాడి ముక్కులోకి. "గాలి వేరే, నూనె వేరేరా సుందరా. రెండూ కలిపినోడు హంతకుడు" అనేవాడు ఆంజినప్ప. సుందర్‌రాజ్ షిఫ్ట్‌లో ఆ గుడ్డ మాసిన రోజు లేదు. జపమాలలో ఒక పూస దాటేశాడేమోగాని గుడ్డ పట్టడం మాత్రం ఒక్కనాడూ మరవలేదు. దేవుడికంటే ఆ గుడ్డంటేనే ఎక్కువ భయమని భార్య లూర్దమ్మ నవ్వేది.

గని మూసేశారు. యంత్రాలు ఆగిపోయాయి. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో సగంమంది చేసిన పనే సుందర్‌రాజ్ కూడా చేశాడు. పొట్ట చేతబట్టుకుని బెంగళూరు రైలెక్కాడు. అక్కడొక లేత్ వర్క్‌షాపులో పని. ఊరు వదిలిపెట్టిందీ లేదు, ఊళ్ళో ఉన్నదీ లేదు. చీకటితో మారికుప్పం స్టేషన్లో ఎక్కితే చీకటి పడ్డాకే మళ్ళీ దిగడం. ఆ రైల్లో ఎవరి సీటు వాళ్ళది. ఎవరి భుజంమీద ఎవరు తల వాల్చి నిద్రపోవాలో కూడా ఖాయమే. ఒకసారి కిటికీ పక్క సీటాయన పోయాడు. మర్నాడు ఆ సీట్లో ఆయన బామ్మర్ది కూర్చున్నాడు, ఆస్తి పంచుకున్నంత దర్జాగా. ఎవరూ కిమ్మనలేదు.

కూతురు జూలియా సుందర్‌రాజ్‌కి ఆదివారాల్లోనే పెరిగింది. ఒక ఆదివారం చూస్తే ముందుపళ్ళు లేవు. ఇంకో ఆదివారం చూస్తే అద్దం ముందు నుంచి కదలదు. సరిగ్గా మాట్లాడదామని అతను అనుకునేలోపే కోలారులో నర్సింగ్ చదువుకి హాస్టల్లో చేరిపోయింది. ఇంటికొచ్చినా వాళ్ళమ్మతో గలగలా మాట్లాడేది, తండ్రి రాగానే లేచి కుర్చీ ఇచ్చేది. చుట్టానికి ఇచ్చినట్టు ఇచ్చేది. ఆ కుర్చీలో కూర్చోవడం అతనికి ముళ్ళమీద కూర్చున్నట్టే ఉండేది.

పారిపోదామంటే దారి లేదు. బెంగళూరులో కాపురం పెట్టే తాహతు లేదు. కేజీఎఫ్‌లో పని లేదు. రెండింటి మధ్యా రైలు. నలభై ఏడేళ్ళ మనిషికి కోలారు దగ్గరి వేమగల్ ఫ్యాక్టరీల గేటు దగ్గర వాచ్‌మన్ కూడా తలెత్తి చూడడు. ఇలాగే ముసలివాణ్ణై, ఏదో ఒక సాయంకాలం బంగారపేట దాటాక పక్కవాడి భుజంమీదే కన్నుమూస్తానని అతనికి గట్టి నమ్మకం కుదిరింది. ఆ మాట పైకి కూడా అనేవాడు. లూర్దమ్మ శిలువ గుర్తు వేసుకుని తిట్టేది.

అలాంటి రోజుల్లో, గాలి యంత్రాల పని తెలిసినవాడని విని, జయరామ్ అతనికోసం ఇంటికి వచ్చాడు. రాబర్ట్‌సన్‌పేట బజారులో వాళ్ళది ధాన్యం అంగడి. తాత రాగులమ్మాడు, తండ్రి రాగులమ్మాడు. జయరామ్ కూడా అమ్ముతున్నది రాగులేగాని మనసు మాత్రం రాగుల్లో లేదు. బెంగళూరులో ఎవరో వదిలించుకుంటే ఒక పాత జపాన్ కారు కొనుక్కొచ్చాడు. ఎర్రది, రెండే తలుపులది, నేలకి ఆనుకుని పాకుతున్నట్టుంటుంది. బస్తాల గోడౌన్‌లో దాన్ని పెట్టి, రోజూ తుడిచి, మురిసిపోయాడు. తీరా చూస్తే అది కొంత వేగం దాకా బాగానే పోతుంది, ఆపైన ఆయాసపడుతుంది. పేటలో ఉన్న మెకానిక్కులంతా బానెట్ ఎత్తి, లోపల చూసి, దణ్ణం పెట్టి దించేశారు.

"సుందరన్నా, ఇది వేరే జాతి ఇంజన్. పిస్టన్లే లేవు దీంట్లో" అన్నాడు జయరామ్, కొడుకు అల్లరి గురించి గొప్పగా చెప్పుకునే తండ్రిలాగా. "రోటరీ అంటారు. ముక్కోణంగా ఉండే ఇనుప చక్రాలు రెండు, గుండ్రటి గదుల్లో తిరుగుతా ఉంటాయి. టర్బో గిర్బో ఏం లేదు, దానంతట అదే గాలి పీల్చుకోవాల. పీల్చుకునే గొట్టమే సరిగ్గా లేదంటున్నారు. ఇదే కంపెనీ తర్వాత చేసిన మోడల్ మానిఫోల్డ్ ఒకటి సంపాదించినా. అది మార్చాల."

మానిఫోల్డ్ అంటే గాలిని లోపలికి తీసుకుని ఇంజన్ గదులకి పంచిపెట్టే గొట్టాల దిమ్మ. గాలిని పంచడమనేసరికి సుందర్‌రాజ్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"బెంగళూరులో విఘ్నేశ్ అని ఒకాయప్ప ఉండాడు. రేసు కార్ల పిచ్చి. ఈ మానిఫోల్డ్ వేసి గాడి బాగా పరిగెత్తితే నేనే తీసుకుంటానన్నాడు" అని జయరామ్ అసలు సంగతికొచ్చాడు. "అది పోతే ఆ దుడ్డుతోనే మా ఖాళీ గోడౌన్‌లో గ్యారేజీ పెడతా. పెట్టేది నేను, నడిపేది నువ్వు. ఇంగ నీకు రైలు వద్దన్నా."

రైలు వద్దన్నా అన్న మాట దగ్గర లూర్దమ్మ చేతిలో కాఫీ లోటా ఆగిపోయింది. సుందర్‌రాజ్ ఆలోచిస్తానన్నాడు. జయరామ్ గుమ్మం దాటకముందే ఆలోచించడం అయిపోయింది. బెంగళూరులో సెలవు అడిగితే, వెళ్తే వెళ్ళు మళ్ళీ రాకన్నారు. మళ్ళీ రానన్నాడు. అతను నిలబడే లేత్ దగ్గర అప్పటికే ఇంకొకడు నిలబడ్డాడు. వాడూ కేజీఎఫ్ వాడే.

పని మొదలైంది. పాత మానిఫోల్డ్ పై సగం ఊడదియ్యడానికే తల ప్రాణం తోకకొచ్చింది. దానిమీద రబ్బరు గొట్టాలు సేమియాలాగా అల్లుకుని ఉన్నాయి. ఏది ఎక్కణ్ణించి వచ్చిందో మరిచిపోకుండా, లూర్దమ్మ కుట్టుమిషన్ దగ్గర నుంచి రంగుదారాలు తెచ్చి ఒక్కో గొట్టానికీ ఒక్కో రంగు కట్టాడు. కింద సగాన్ని పట్టి ఉంచే నట్లు వేళ్ళకి అందవు, కంటికి కనిపించవు. ఒక బోల్టు సగంలో తెగి ఇంజన్‌లోనే ఉండిపోయింది. దాన్ని వేడిచేసి, బుజ్జగించి, తిట్టి, చివరికి బయటికి లాగాడు. దిమ్మ లేవగానే గాలి రంధ్రాలన్నిట్లోనూ గుడ్డలు కుక్కాడు, ఒక్క నట్టు లోపలికి జారిందంటే ఇంజన్‌కి సమాధే కనక. పక్క రంధ్రాల్లో కొన్ని తొడుగులున్నాయి. వేగం పెరిగినప్పుడు అవి తిరిగి దారి తెరవాలి. మసిపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. ఆయాసం అక్కడిదే. వాటిని కిరసనాయిలులో నానబెట్టి, వేలితో తోస్తే తిరిగేలా చేశాడు. చాలా ఏళ్ళ తర్వాత అతనికి పనిలో ఆకలి తెలియలేదు.

అప్పుడు కనిపించింది నూనె. పాత మానిఫోల్డ్ లోపలంతా నల్లగా, జిడ్డుగా ఉంది. తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ నల్లబడింది. ఎక్కణ్ణించి వస్తోందా అని వెతికితే, ఇంజన్ ముందుభాగంలో ఒక బుల్లి పంపు, దానినుంచి సన్నటి గొట్టాలు. కొన్ని మానిఫోల్డ్‌లోకి, కొన్ని నేరుగా చక్రాలు తిరిగే గదుల్లోకి. ఎక్కడో కారుతోందనుకున్నాడుగాని కారడం కాదు. ఎవడో కావాలనే గాలిలోకి నూనె పంపిస్తున్నాడు!

సుందర్‌రాజ్ ఒళ్ళు మండిపోయింది. "ఏ హంతకుడు చేసిన పనప్పా ఇది?" అని ఖాళీ గోడౌన్‌లో పైకే అన్నాడు. జపాన్ వాడు ఇంత మంచి ఇంజన్ చేసి ఇలాంటి పని చేసి ఉండడనీ, మధ్యలో ఎవడో తెలివితక్కువవాడు తగిలించి ఉంటాడనీ తేల్చేసుకున్నాడు. ఇంకెవరినైనా అడిగేవాడేనేమోగాని, ఈ ఒక్క విషయంలో ఎవరినీ అడగాల్సిన అవసరం అతనికి పుట్టినప్పటినుంచీ కలగలేదు. ఆ పంపు విప్పేసి, దాని చోట ఇనుపరేకు కోసి బిగించాడు. గదుల్లోకి పోయే రంధ్రాలకి ఇత్తడి బిరడాలు ఊళ్ళో ఒక లేత్‌మీద తానే చేసి వేశాడు. కొత్త మానిఫోల్డ్‌కి కూడా అలాంటి రంధ్రాలుంటే వాటినీ మూశాడు. పని ఎంత నీటుగా చేశాడంటే, అక్కడొక పంపు ఉండేదని ఎవరికీ తెలియదు. పాపం, అక్కడే పప్పులో కాలేశాడు.

కొత్త మానిఫోల్డ్ బిగించి, నీళ్ళ దారి దగ్గర కొత్త రబ్బరు రింగు వేసి, రంగుదారాలు చూసుకుంటూ గొట్టాలన్నీ కలిపి, తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. జయరామ్ దాన్ని గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్కనున్న రోడ్డుమీదికి తీసుకెళ్ళాడు. ఇదివరకు ఆయాసపడ్డ చోట ఈసారి అది జూలు విదిల్చినట్టు ముందుకి దూకింది. తిరిగొచ్చి కారు దిగిన జయరామ్‌కి ఒక చోట కాలు నిలవలేదు. "నువ్వు మనిషివి కాదన్నా" అని సుందర్‌రాజ్‌ని కావలించుకున్నాడు. కొన్నాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పాడు. "ఇదివరకు నూనె తాగతా ఉండె. ఇప్పుడు గీటు పెట్టిన చోట పెట్టినట్టే ఉండాది, ఒక చుక్క తగ్గలా!" సుందర్‌రాజ్ నవ్వాడు. ఆంజినప్ప బతికుండి ఉంటే ఎంత బాగుండేదని అనుకున్నాడు.

విఘ్నేశ్ విదేశం పోయాడు, వచ్చేదాకా ఆగాలన్నారు. ఆ మధ్య రోజులున్నాయే, అవి సుందర్‌రాజ్ జీవితంలో పండగ రోజులు. తన ఇంటి వంటగది గోడమీద మధ్యాహ్నం ఎండ పడుతుందని అతనికి అప్పుడే తెలిసింది. లూర్దమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు పనిచేసుకుంటూ తనలో తాను మాట్లాడుకుంటుందని కూడా తెలిసింది. వేడి అన్నం తిన్నాడు. జూలియా శనివారం వస్తే బస్టాండుకి ఎదురెళ్ళాడు. ఆ పిల్ల ముందు బిత్తరపోయింది. తర్వాత దారి పొడుగునా హాస్టల్ వార్డెన్‌మీద చాడీలు చెప్పింది. ఆ చాడీలు విన్న ఆనందంలో అతను ఇంటి సందు దాటి రెండు సందులు ముందుకి వెళ్ళిపోయాడు.

ఒకరోజు అండర్సన్‌పేట బంకులో తన పాత టీవీఎస్ మోపెడ్‌కి పెట్రోలు పోయించుకుంటున్నాడు. "ఆయిల్ కలపాల్నా?" అని బంకువాడు అడిగాడు. ఎప్పుడూ అడిగే మాటే. కలుపు అని ఎప్పుడూ చెప్పే జవాబే. బంకువాడు పెట్రోలులో నూనె పోశాడు. సుందర్‌రాజ్ చూస్తూ నిలబడ్డాడు.

మోపెడ్ ఇంజన్ పెట్రోలుతోపాటే నూనె తాగుతుంది. లోపలి భాగాలకి వేరే దారిలో నూనె అందదు కాబట్టి. అది తాగకపోతే అరిగి బిగుసుకుపోతుంది. పాత స్కూటరున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే. మరి ఆ ముక్కోణం చక్రాలు? వాటి మూడు కొనల్లోనూ సన్నటి పట్టీలు పొదిగి ఉంటాయి. అవి గది గోడని రాసుకుంటూ తిరుగుతాయి. ఆ పట్టీలకి నూనె ఎవరిస్తారు? ఆ బుల్లి పంపే ఇస్తుంది. అది తెలివితక్కువవాడు తగిలించింది కాదు. జపాన్ వాడే, తెలిసే పెట్టాడు. దాన్ని మూసేసి, నూనె తగ్గడంలేదని ఇన్నాళ్ళూ మురిసిపోయింది తాను. "ఏమన్నా, బండి తియ్యన్నా, వెనక గాడి ఉండాది" అని బంకువాడు రెండుసార్లు అరిచాక గాని అతనికి తెలివి రాలేదు.

నేరుగా గోడౌన్‌కి వెళ్ళాడు. జయరామ్ అంగట్లో ఉన్నాడు. స్పార్క్ ప్లగ్గులు విప్పేసి, సెల్ఫ్ కొట్టి, రంధ్రాల దగ్గర చెవి పెట్టాడు. ప్లగ్గు లేకపోతే ఆ రంధ్రంలోంచి ఒక్కో పట్టీ దాటినప్పుడల్లా ఒక ఊపిరి వస్తుంది. ముందు గదిలోంచి మూడు ఊపిర్లూ సమంగా వచ్చాయి. వెనక గదిలోంచి బుస్సుమని ఒకటి, బుస్సుమని ఇంకొకటి, మూడోది ఉస్సురుమని. మళ్ళీ విన్నాడు, అదే వరస. ఒక పట్టీ అరిగిపోయింది. ఇంజన్ ఇంకా నడుస్తుంది, చూసేవాడికి తేడా తెలియదు. కొంతకాలానికి ఆ పట్టీ విరిగి, గది గోడలన్నీ గీరేసి, లోపల ఏమీ మిగల్చదు. ఎంతకాలానికి అన్నది ఎవరూ చెప్పలేరు.

ఆ మాట ముందు ఇంట్లో చెప్పాడు. లూర్దమ్మ మిషన్ తొక్కడం ఆపి విన్నది. ఇంజన్ సంగతి ఆమెకి అర్థం కాలేదు, అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పించుకుంది.

"ఇప్పుడు నడస్తా ఉండాదా?" అంది.

"నడస్తా ఉండాది."

"బయటికి తెలస్తాదా?"

"తెలీదు."

"అయితే గమ్మునుండు" అంది. అతను తలెత్తి చూశాడు. చర్చిలో ఒక్క ఆదివారం పూజ తప్పని మనిషి, కూరగాయలవాడు పొరపాటున ఎక్కువ తూచితే వెనక్కిచ్చి వచ్చే మనిషి. "ఒక్క మాట మింగితే ఏమైతాదబ్బా? నేనెప్పుడైనా నిన్ను ఏమైనా అడిగినానా? పెళ్ళైనకాడినుంచి గని షిఫ్టు, ఆమేల ఈ రైలు. ఈ రెండు నెలలే నాకు మొగుడున్నట్టు ఉండాది. మళ్ళీ ఆ రైలుకి నిన్ను పంపించలేను నేను" అని ఏడ్చేసింది. ఆమె ఏడవడం అతను ఎన్నడో చూశాడు. ఏం చెయ్యాలో తోచక మిషన్ చక్రంమీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

జయరామ్ దగ్గర కూడా అదే అయింది, కన్నీళ్ళు తప్ప. విన్నాడు, కాసేపు తల పట్టుకున్నాడు, తర్వాత వ్యాపారస్థుడైపోయాడు. "నువ్వు కావాలని చేసినావా? లేదు కదా. పాత గాడి, యాడైనా ఏదైనా పోతాది. ఆయప్ప ఆదివారం వస్తా ఉండాడు. అడిగితే బాగుండాదని ఒక మాట చెప్పు, చాలు."

"పెట్రోల్లో నూనె కలిపి పోద్దామప్పా, ఉన్న పట్టీలన్నా మిగులుతాయి."

"పొగొస్తాది! పొగ చూసి అడిగితే ఏం చెప్తావు? సుమ్నే ఉండన్నా. గ్యారేజీ బోర్డు మీద నీ పేరు రాయించేదానికి పెయింటర్‌కి కూడా చెప్పేసినా." జయరామ్ చెడ్డవాడు కాదు. భుజంమీద చెయ్యి వేసి మరీ అన్నాడు. ఆ చెయ్యి తీసేసేదాకా సుందర్‌రాజ్‌కి ఊపిరాడలేదు.

ఆదివారం పొద్దున పూజలో మోకాళ్ళమీద ఉన్నంతసేపూ అతను ఒకే మాట అభ్యాసం చేశాడు. బాగుండాది సార్. బాగుండాది సార్. సులువైన మాటే. ఊళ్ళో అందరూ ఒకరికొకరు రోజూ చెప్పుకునేదే. పక్కనే లూర్దమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఆమె దేన్ని గురించి ప్రార్థిస్తోందో అడక్కుండానే తెలుసు. అదే దేవుణ్ణి తాను వేరే విధంగా ఎలా అడుగుతాడు?

విఘ్నేశ్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. వాళ్ళ పెద్దలది నంగలి దగ్గర పల్లె, తెలుగే మాట్లాడాడు. వచ్చీరాగానే షర్టు చేతులు మడిచి బానెట్‌లోకి తలదూర్చాడు. కొత్త మానిఫోల్డ్ కుదిరిన తీరు, నట్ల వరస, గొట్టాల అమరిక చూసి ఈల వేశాడు. స్టార్ట్ చేసి విన్నాడు. రోడ్డుమీదికి తీసుకెళ్ళి వచ్చాడు. దిగేటప్పుడు మొహం వెలిగిపోతోంది. జయరామ్ మొహం అంతకంటే వెలిగిపోతోంది.

"ఈ పని చేసింది మీరేనా అన్నా? బెంగళూరులో కూడా ఇంత శుభ్రంగా చెయ్యరు" అన్నాడు విఘ్నేశ్. "ఇంజన్ ఎట్లుండాది? మీరొక మాట చెప్తే నేనింగ వేరే చూడను."

సుందర్‌రాజ్ నోరు తెరిచాడు. పూజంతా అభ్యాసం చేసిన మాట నాలుకమీదే ఉంది. జయరామ్ చూస్తున్నాడు. ఇంట్లో లూర్దమ్మ మాంసం పొయ్యిమీద పెట్టి ఎదురుచూస్తోంది. అతనికి అబద్ధమాడటం రాక కాదు. సంఘం చందా ఎగ్గొట్టడానికి, ఫోర్‌మన్ దగ్గర సెలవు తీసుకోవడానికి బోలెడు ఆడాడు. కాని పాడైన యంత్రం ముందు నిలబడి బాగుందని చెప్పడం మాత్రం ఆ నోటికి ఎవరూ నేర్పలేదు. నేర్పిందల్లా, ఎవరు ఎంత అరిచినా ఆపెయ్యమనే.

"బాగలేదు సార్" అన్నాడు.

ప్లగ్గులు విప్పి, అతని చెవిని రంధ్రం దగ్గర పెట్టించి వినిపించాడు. తాను ఏం మూశాడో, ఎందుకు మూశాడో, ఏది అరిగిపోయిందో మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ జయరామ్ గోడౌన్ కప్పువైపు చూస్తూ నిలబడ్డాడు. చెప్పడం అయ్యాక సుందర్‌రాజ్‌కి కాళ్ళు తేలికపడ్డట్టయింది. పోతే పోయింది గ్యారేజీ, ఊళ్ళో పంపులు రిపేరు చేసుకుని గంజి తాగైనా బతుకుదాం అనుకున్నాడు. ఆ ధైర్యం అతనికి దక్కింది కాసేపే.

విఘ్నేశ్ లేచి, చేతులు తుడుచుకుని, సుందర్‌రాజ్ చేతులు రెండూ పట్టుకున్నాడు. "అన్నా, నాకు కారు దొరుకుతుంది. ఇట్లాంటి మనిషి దొరకడు. తప్పు చేసి, తప్పని చెప్పేవాడు నా దగ్గర ఒక్కడూ లేడు. ఈ కారు నేనే తీసుకుంటా, ఇంజన్ విప్పి కట్టే ఖర్చు తగ్గించి రేటు చూసుకుందాం. కాని ఆ ఇంజన్‌ని మీరే కట్టాల, నా వర్క్‌షాపులో. ఇది ఒక్కటే కాదు, అన్నీ మీరే చూసుకోండి. మీరు ఈ ఊళ్ళో ఉండాల్సిన మనిషి కాదు."

జయరామ్‌కి ప్రాణం లేచొచ్చింది. "పో అన్నా! ఇట్లాంటి అదృష్టం ఎవురికి వస్తాది? గ్యారేజీదేముంది, ఈ రేటుకి దుడ్డు చాలదు, ఇంగెప్పుడన్నా చూద్దాం" అన్నాడు. బేరం చెడలేదు, పైగా సుందరన్న బరువు కూడా దిగిపోయింది. మనస్ఫూర్తిగా సంతోషపడ్డాడు.

"యాడ సార్ వర్క్‌షాపు?" అని అడిగాడు సుందర్‌రాజ్.

"పీణ్యలో."

పీణ్య బెంగళూరుకి ఆ చివర. రైలు దిగాక మళ్ళీ బస్సు పట్టుకుని ఊరంతా దాటాలి. లేత్ వర్క్‌షాపే నయం, రైలు దిగి నడిచిపోయేవాడు. ఈ ఊళ్ళో వేరే పని ఏదైనా ఉందా అని మనసు ఒకసారి చుట్టూ తడుముకుంది. గ్యారేజీ లేదు. పాత లేత్ దగ్గర వేరేవాడున్నాడు. జూలియా చదువు ఇంకా మిగిలే ఉంది. ఎదురుగా ఇంత మర్యాదగా చేతులు పట్టుకున్నవాడికి కాదని చెప్పడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు. తిట్టి ఉంటే తిరగబడేవాడు. పొగిడేవాడి చేతుల్లోంచి ఎలా తప్పించుకోవాలో అతనికి తెలియలేదు.

"ఎప్పుడు రావాల సార్?" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి లూర్దమ్మ గుమ్మంలోనే ఉంది. మొహం చూడగానే ఆమెకి తెలిసిపోయింది.

"చెప్పేసినావు."

"చెప్పేసినా."

"గ్యారేజీ?"

"లేదు. కాని ఆ పిల్లోడే పనిచ్చినాడు. నా అట్లాంటోడు వాళ్ళ దగ్గర లేడంట. చేతులు పట్టుకోని అడిగినాడు లూర్దా, జయరామప్ప ముందరే."

ఒక్క క్షణం ఆమె మొహం విప్పారింది. "యాడ?" అంది.

అతను చెప్పాడు. పీణ్య ఎక్కడుందో ఆమెకి తెలియదు. రైలు, ఆ తర్వాత బస్సు, వరసగా చెప్పాల్సి వచ్చింది. వింటూ వింటూ ఆమె కూర వడ్డించింది.

"అంటే ఇదివరకటికంటే ముందే లేవాల."

"ఊఁ."

"ఆదివారం?"

"రేసులుంటే ఆదివారం కూడా రమ్మన్నాడు."

లూర్దమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. అతని ఎదురుగా కూర్చుంది. కోపం లేదు, ఏడుపు లేదు. అతని కంచంలోకే చూస్తూ అంది, "నువ్వు అబద్ధం చెప్పలేదని ఫాదర్‌తో చెప్తా. ఆయన సంతోషపడతాడు. నాకైతే చేతకాదబ్బా."